సగంలో పేరు మారిన నవల

నంద్యాల తాలూకాలో నవల చదివి, అందులో తప్పెక్కడుందో వాసనతో పట్టగల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. నాది వీధిబడి చదువే గాని నా ముక్కు కాలేజీ చదివింది. కథ రాసినవాడు ఒకచోట ఆవు తెల్లదని చెప్పి ఇంకోచోట కపిల అన్నాడంటే చాలు, ముక్కుపుటాలు అదురుతాయి. ఒకసారి అలా అదిరిన అదురుకు కళ్ళజోడు ఎగిరి కుందేటి నీళ్ళల్లో పడింది. మిగిలిన నవలంతా వాసన మీదనే చదివి ముగించాను. శాంతయ్య అంటే అదీ.

అంతటివాణ్ణి గనుకనే, రాజధాని కచేరీలన్నీ కర్నూలు నుంచి హైదరాబాదుకు లేచిపోయిన మరుసటి వేసవిలో, బైండింగు బుడేన్ మా అరుగు మీదికి వచ్చి కూర్చుని నా అభిప్రాయం అడిగాడు.

వారపత్రికలో వచ్చే సీరియల్ కాగితాలు వారం వారం చింపి దాచుకుని, కథ ముగిశాక బైండు చేయించుకోవడం అప్పట్లో మా అందరికీ ఉన్న జబ్బు. నేనూ ఒకటి దాచాను. రంగూన్‌కు పోయే ఓడ, గొడుగు పిడిలో వజ్రం, విమల అనే పిల్ల. ముక్కలు ముక్కలుగా చదవడం నాకు గిట్టదు, కాబట్టి బైండు అయ్యేదాకా ముట్టుకోలేదు. బుడేన్ దాన్ని ఎర్ర కాలికో గుడ్డ వీపుతో నిజం పుస్తకంలా కుట్టి ఇచ్చాడు.

"ఎట్లుందప్పా కథ?" అన్నాడు.

"బ్రహ్మాండం. ఆ ఓడ, ఆ గొడుగు, అదంతా ఒక ఎత్తు. ఆఖరున సీమంతం జూడు, కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి."

బుడేన్ వక్కాకు నోట్లో పెట్టుకోబోతున్నవాడు చెయ్యి ఆపాడు. "సీమంతమా? యాడ?"

"గోదారి గట్టున. కొబ్బరాకుల పందిట్లో. వాళ్ళమ్మ గాజులు తొడుగుతాది."

"రంగూన్‌లో గోదారి యాడిదప్పా?"

"ఏం, రంగూన్ నుంచి పురిటికి పుట్టింటికి రాగూడదా? నీకు లోకజ్ఞానం తక్కువ బుడేనూ."

"పిల్ల పేరు విమలే గదా?"

నేను ఆఖరి పేజీ తిప్పి చూశాను. జానకి అని ఉంది. "ముద్దుపేరయ్యుంటాది," అన్నాను.

బుడేన్ పుస్తకాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. కూడబలుక్కుని చదవగలడు. నడుమకు తిప్పి, ఒక పేజీ మీద వేలు పెట్టి పెదవులు కదిలించాడు. తర్వాతి పేజీ మీద వేలు పెట్టాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఎండ అరుగు మీదికి వచ్చినా జరగలేదు. పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని, "మళ్ళీ తెచ్చిస్తా" అని చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెళ్ళిపోయాడు. తర్వాత జరిగిందంతా వాడు నాకు చెప్పిందే.

దూదేకుల ఇంట పుట్టినవాడు బుడేన్. తాతల నాటి నుంచి భుజాన విల్లు వేసుకుని, ఊరూరా దూది ఏకి, పరుపులు కుట్టినవాళ్ళు. మిషన్లు వచ్చి పిలుపులు తగ్గాక ఒక అచ్చాఫీసులో బైండింగు నేర్చుకున్నాడు. మా వీధి మొగదల దుకాణానికి ఒక మడిగె పట్టి, వెనక గదిలో కాపురం పెట్టాడు. దూది ఏకే విల్లు మాత్రం ఇంకా దూలానికి వేలాడుతూనే ఉంది. ఆ విల్లు నారను కొట్టే చెక్కబిళ్ళతోనే ఇప్పుడు పుస్తకాల వీపు కొట్టి గుండ్రం చేస్తాడు.

వాడు వెళ్ళేసరికి భార్య బీజాన్ పొయ్యి మీద మైదా గంజి కలియబెడుతోంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం పొడి చిటికెడు చల్లి, గరిటె ఎత్తి జారుడు చూస్తోంది.

"బీజానూ, ఈ పుస్తకం కాగితాలు జత చేసింది నువ్వే గదా?"

"నేను గాక ఇంకెవురు? నువ్వు పేర్ల మీద కాగితం అతికిచ్చి ఆరబెట్టి, ఆత్మకూరు పెండ్లికి పోతివి."

అదే బుడేన్ గొప్పతనం. సీరియల్‌కు ప్రతివారం తలమీద కథ పేరు, దాని కింద జరిగిన కథ, ఆఖరున ఇంకా ఉందనే మాట. ఇవన్నీ ఉంటే అది పుస్తకంలా ఉండదు, చింపిన కాగితాల కట్టలా ఉంటుంది. అందుకని వాడు తెల్లకాగితం ముక్కలు కత్తిరించి, ఒక్కొక్కదాని మీద గీత కనబడకుండా అతికించేవాడు. కర్నూలు దాకా ఆ పని ఇంకెవరూ చేయరు. ఆ వారం రెండు కథలు బైండుకు వచ్చాయి. నాది ఒకటి, ఆళ్ళగడ్డ చదువుల గదివాళ్ళది ఒకటి. రెండూ ఒకే పత్రికలో వచ్చినవి. రెండూ లావు కట్టలు. అతికించిన చోట ముడతలు రాకుండా ఒక్కొక్కటి రెండు సగాలు చేసి, బండల కింద పెట్టి పోయాడు.

"నాలుగు కట్టలైనాయి," అంది బీజాన్. "నాకొచ్చేది అంకెలే, వారం అంకెలు చూసి వరస కట్టినా. అవి రెంటికీ ఒకటే. ఒకటో సగానికి రెండో సగం యాదో తెలియాల గదా? బొమ్మ చూసి జత చేసినా. అదే పిల్ల. ఒంటి జడ ముందుకు ఏసుకోని, ఇంతింత కండ్లతో."

బుడేన్ పుస్తకం విప్పి మొదటి సగంలో ఒక బొమ్మ, రెండో సగంలో ఒక బొమ్మ చూపించాడు. ఒకటి విమల, ఒకటి జానకి. ఇద్దరిదీ ఒకే జడ. ఒకే కళ్ళు. బొమ్మ కింద మూలన ఒకే సంతకం.

"రెండు వేరే వేరే కథలు, ఇద్దరు వేరే వేరే ఆడోళ్ళు," అన్నాడు.

బీజాన్ గరిటె పక్కన పెట్టి, వంగి, చాలాసేపు చూసింది. "ముఖం ఒకటే గదయ్యా! ఇద్దరు ఆడోళ్ళకు ఒకే ముఖం పెట్టింది మీ చదువుకున్నోళ్ళు. తప్పు నాదంటావేంది?"

బుడేన్ బొమ్మలు రెండూ ఇంకోసారి చూసి పుస్తకం మూశాడు. 

ఆళ్ళగడ్డ చదువుల గది నడిపేది శ్రీనివాసులు. వాళ్ళది అక్కడ పెద్ద సేద్యం. వీధి వైపు గదిలో బీరువాలు పెట్టి, ఊళ్ళోవాళ్ళు వచ్చి చదువుకునేలా చేశాడు. ఆదివారం ఆదివారం చదివిన కథ మీద అభిప్రాయాలు చెప్పుకునే సభ కూడా పెట్టాడు. పుస్తకం అందగానే అట్ట తట్టి, వీపు నిమిరి, "సెబాస్ బుడేన్! ఆదివారం రా. సభలో అందరికీ చూపిచ్చి, బీరువాలో చెదలు తిన్న పుస్తకాలన్నీ బైండుకు నీకే ఏస్తా" అన్నాడు. లోపల చూడలేదు. ఎప్పుడో వారం వారం చదివేసిన కథ.

ఆ పుస్తకాలు వస్తే రెండేళ్ళ దాకా పని. రాకపోతే దూలానికున్న విల్లు దించాలి. బీజాన్‌ను వెంటబెట్టుకుని మళ్ళీ ఊరూరా తిరగాలి. దూది నలుసుకు ఆమెకు వచ్చే దగ్గు ఎలాంటిదో వాడికి తెలుసు.

"ఈ పొద్దు శనివారం," అన్నాడు. "బస్సుకు పోయి, ఎవురూ చదవకముందే పుస్తకం తెచ్చేస్తా. వీపు కొంచెం వంకర పోయింది, సరిచేసి ఇస్తానని చెప్తా."

"వీపు వంకర పోలేదే," అంది బీజాన్.

"తెలుసు లేవే!"

బస్సు శిరివెళ్ళ దాటేసరికి మధ్యాహ్నమైంది. ఆళ్ళగడ్డలో దిగగానే శిల్పులు రాళ్ళు చెక్కే చప్పుడు టకటకమని చెవుల్లో పడింది. ఆ చప్పుడు మధ్యలో తను చెప్పబోయే అబద్ధాన్ని మూడు రకాలుగా చెప్పుకుని చూసుకున్నాడు బుడేన్. ఒక్కటీ కుదరలేదు.

శ్రీనివాసులు చేనికి పోయాడు. ఇంటి నడవలో వాళ్ళ వదిన ఆదిలక్ష్మమ్మ ఒక్కతే కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నలభై దాటిన మనిషి. ఎడమచేత్తో చింతబొట్ట పట్టుకుని, చిన్న కత్తితో చీల్చి, గింజను ఒకవైపు, ఈనెను ఒకవైపు వేస్తోంది. పక్కన గోనెపట్ట మీద ఎర్ర కాలికో వీపు. గింజ తీసి, వేళ్ళు కొంగుకు తుడుచుకుని, పేజీ తిప్పి, మళ్ళీ కత్తి పడుతోంది. పుస్తకం ఆఖరికి వచ్చేసింది.

"రా బుడేనూ, కూచో. ఎండలో పడి వచ్చినావు. మజ్జిగ తాగుతావా?"

"వద్దులేమ్మా. ఆ పుస్తకం వీపు..." అని ఆగాడు. "ఆ పుస్తకం చదివేసినారా అమ్మా?"

"ఇంగ నాలుగు పేజీలే. పత్రిక ముందుగదిలో మగోళ్ళ చేతులు దాటి లోపలికి వచ్చేసరికి అట్టలు తప్ప ఏముంటాది? కథంతా మా మరిది చింపి దాచిపెట్టె. బైండు అయినాక గదా నాకు దక్కేది." కత్తిని చింతపండులో గుచ్చి పక్కన పెట్టింది. "ఇట్లాంటి నవల నేను ఇంతవరకూ చదవలే."

బుడేన్ స్తంభానికి ఆనుకున్నాడు. "ఎట్లాంటిదమ్మా?"

"సగం దాకా జానకి. పుట్టింట్లో ఆడుకుంటాంటాది. వాళ్ళమ్మ, వాళ్ళావు, గోదారి రేవు. పేజీ తిప్పినామా, రంగూన్! పేరు విమల! ఎవుడో మొగుడు. వానలు. వంటామె ఏం మాట్లాడేదీ ఈ పిల్లకు అర్థం గాదు."

"పేరు మారిపోయింది గదమ్మా," అన్నాడు బుడేన్ మెల్లగా. అబద్ధం తన నోటి నుంచి రాకుండా ఆమే పట్టుకుంటే బాగుండునని అనిపించింది.

"మారదా?" అంది ఆదిలక్ష్మమ్మ. "నాకు మార్చలేదా? నా పేరు నక్షత్రానికి పొసగలేదన్నారు. సంజామలలో, పుట్టింట, ఒక పేరుతో బండి ఎక్కినా, ఈడ ఇంకో పేరుతో దిగినా. ఎందుకని ఒక్కరన్నా అడిగినారా? ఈ రాసినాయన కూడా చూడు, ఎందుకు మార్చినారో ఒక్క ముక్క చెప్పలే. చెప్పకపోవడమే నాకు నచ్చింది."

"పెండ్లి కూడా రాయలేదు గదమ్మా ఇందులో."

"నా పెండ్లి నాకు తెలుసా? నిద్రపోతాంటి. మా మేనత్త ఎత్తుకోని కూచోబెట్టిందంట." నవ్వింది. "కండ్లు తెరిస్తే రంగూన్. అంతే బుడేనూ. ఆ పిల్ల రెండో సగంలో వాళ్ళమ్మను ఒక్కసారన్నా తలుచుకోదు. మొదట కోపమొచ్చింది నాకు. తర్వాత అనుకున్నా, తలుచుకుంటే ఆ ఇంట్లో ఉండలేదు, అందుకని ఆయన రాయలే."

బుడేన్‌కు ఏమీ అర్థం కాలేదు. అర్థం కాలేదనడం కూడా సరి కాదు. ఆమె చెప్పేది అర్థమవుతోంది, తను చేసిన తప్పూ అర్థమవుతోంది, రెండూ కలిపి చూస్తే తల తిరుగుతోంది. ఎవరూ రాయని కథను ఆమె చదివింది. రాసినాయన అంటుంటే ఎవరిని తలుచుకోవాలో వాడికి తెలియలేదు. మైదా గంజి కలియబెడుతున్న బీజాన్ ముఖం కళ్ళముందు మెదిలింది.

"వీపు కొంచెం వంకర పోయింది, తీసుకపోయి సరిచేస్తా," అన్నాడు ఆఖరుకు.

ఆమె పుస్తకం ఎత్తి, కన్ను దగ్గర పెట్టి వీపు చూసింది. "యాడ వంకర? సూటిగా ఉంది గదా. రేపు సభలో దీని మీద నేనే చెప్పాల. ఇయ్యను పో."

ఆ పూట ఆళ్ళగడ్డలోనే చుట్టాల ఇంట ఉండిపోయాడు. 

ఆదివారం పొద్దున చదువుల గది నిండింది. మగవాళ్ళు చాపల మీద, లోపలి గడప అవతల నలుగురైదుగురు ఆడవాళ్ళు. బుడేన్ తలుపు పక్కన ఒదిగి నిలబడ్డాడు. శ్రీనివాసులు ఎర్ర పుస్తకం అందరికీ ఎత్తి చూపించి, బైండింగు గురించి నాలుగు మాటలు చెప్పి, "ఈ కథ మీద మా వదిన అభిప్రాయం చెప్తాది" అన్నాడు.

ఆదిలక్ష్మమ్మ గడప మీద చెయ్యి ఆనించి నిలబడింది. సభలో ఆడమనిషి మాట్లాడటం అదే మొదలు. నిన్న చెప్పిన మాటలే చెప్పింది, సంజామల సంగతి ఒక్కటి తప్ప. గోదారి రేవు చెప్పింది. పేరు మారడం చెప్పింది. రంగూన్ వాన చెప్పింది.

ముందు వరసలో ఉన్న రాజరత్నం మాస్టరు చెయ్యి ఎత్తాడు. మిషన్ బడిలో పాఠాలు చెప్పే మనిషి, వారం తప్పకుండా పత్రిక చదువుతాడు. మర్యాద తెలిసినవాడు, కాని కథల విషయంలో అబద్ధం చెప్పలేడు.

"అమ్మా, ఏమనుకోవద్దు. ఆ కథలో రంగూన్ లేదు. జానకిని పక్క ఊర్లోనే ఇస్తారు. రంగూన్‌ది వేరే కథ."

"లేదా? నేను చదివితినే!"

"రెండు కథలు కలిపేసుకున్నట్లుందమ్మా మీరు."

చాపల మీద నవ్వు పుట్టింది. ఎవడో వెనక నుంచి, "పప్పు తిరగబోస్తా చదివింటాది, పోపు ఒక కథలో పడింది" అన్నాడు. నవ్వు పెద్దదైంది. శ్రీనివాసులు కూడా నవ్వాడు. "ఏంది వదినా, నిద్రలో చదివినావా?"

ఆదిలక్ష్మమ్మ ఎవరి వైపూ చూడలేదు. గడప మీద ఆనించిన చేతిని మెల్లగా తీసి, వేళ్ళను కొంగుకు తుడుచుకుంది. వేళ్ళకు ఏమీ లేదు. ఒక అడుగు వెనక్కి వేసింది. గదిలోకి వస్తున్న వెలుతురు ఆమె ముఖం మీద నుంచి తప్పుకుంది.

బుడేన్ మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. నవ్వి ఊరుకుంటారు, పుస్తకం బీరువాలోకి పోతుంది, చెదలు తిన్న పుస్తకాలు నంద్యాలకు వస్తాయి. ఇదంతా వాడికి ఆ క్షణంలో తెలుసు. కాని ఆమె అలా కొంగుకు చేతులు తుడుచుకోవడం నిన్న చూశాడు. నిన్న తుడుచుకుని పేజీ తిప్పింది.

"అమ్మ చదివింది నిజమే," అన్నాడు.  "ఆ పుస్తకంలో రంగూన్ ఉంది. నేనే కుట్టినా. రెండు కథలు నా చేతిలోనే కలిసిపోయినాయి."

మాస్టరు లేచి పుస్తకం తీసుకుని నడుమకు విప్పాడు. వేలితో తెల్లకాగితం ముక్కను తడిమాడు. గోరుతో అంచు గీకాడు. కింద నుంచి వేరే కథ పేరు తొంగిచూసింది.

"ఎంత బాగ అతికిచ్చినావయ్యా," అన్నాడు. ఎగతాళికి కాదు.

శ్రీనివాసులు ముఖం గంటుపెట్టుకున్నాడు. "బీరువా నింపేదానికి పిలిస్తే నా పుస్తకాన్ని కలగూర చేసినావే! తీసుకపో. సరిగ్గా కుట్టి పంపు. ఇంగ ఆ పుస్తకాల మాట మర్చిపో."

బుడేన్ గడప వైపు చూశాడు. ఆదిలక్ష్మమ్మ అక్కడ లేదు.

ఇంటికొచ్చి రెండు పుస్తకాలూ విప్పాడు. అట్టలు ఊడదీసి, కుట్టు దారం కత్తిరించి, తడిగుడ్డతో గంజి మెత్తబరిచి, సగాలు వేరు చేశాడు. బీజాన్ దారానికి మైనం పూసి ఇచ్చింది. అంచున పాత బెజ్జాలలోనే దబ్బనం దూర్చాడు. జానకిని జానకితో, విమలను విమలతో కలిపాడు.

"నేను చేసినానని చెప్పలేదా ఆడ?" అంది బీజాన్.

"నువ్వు ఆడ లేవు గదా."

"నన్ను కాపాడినావా, పేరు కొట్టేసినావా?"

బుడేన్ నవ్వలేకపోయాడు. సరైన పుస్తకాన్ని ఆళ్ళగడ్డ బస్సు కండక్టరు చేతికిచ్చి పంపాడు. వచ్చి, దూలానికున్న విల్లు దించి, నార బిగువు చూశాడు. టంగుమంది. బీజాన్ గంజి గిన్నె కడుగుతూ తల తిప్పలేదు.

వారం తిరక్కముందే అదే కండక్టరు మడిగె ముందర బస్సు నిలిపి కేకేశాడు. "ఓ బుడేనూ! ఆళ్ళగడ్డలో ఆదిలక్ష్మమ్మ రమ్మంటాంది! పుస్తకం తప్పంట!"

మళ్ళీ ఏం తప్పు? బుడేన్ తిరుగు బస్సు ఎక్కాడు. దారి పొడుగునా బెజ్జాలు, అంకెలు మనసులోనే సరిచూసుకుంటూ పోయాడు.

ఆమె అదే నడవలో ఉంది. చింతపండు అయిపోయింది, ఉప్పు కలిపి కుండకెత్తుతోంది. శ్రీనివాసులు ఉయ్యాలబల్ల మీద కూర్చుని లెక్కలేవో చూసుకుంటున్నాడు.

"చదివినా," అంది ఆదిలక్ష్మమ్మ. "పక్క ఊర్లోనే ఇస్తారంట. పెండ్లైనా జానకి జానకే అంట. అత్తకు కూతురు లేని లోటు తీరిందంట. వాళ్ళమ్మ వారం వారం గంపలో అరిసెలు పెట్టుకోని వస్తాదంట."

"కుట్టు సరిగ్గానే ఉంది గదమ్మా?"

"కుట్టు బాగుంది. కథే అబద్ధం." గుప్పెడు చింతపండు కుండలో అదిమింది. "వారం వారం ఎవురమ్మ వస్తాది బుడేనూ? మా అమ్మ సంజామల నుంచి ఎన్నితూర్లు వచ్చిందో ఈ ఇంట్లో ఎవురినన్నా అడుగు."

శ్రీనివాసులు తల ఎత్తాడు. మళ్ళీ దించాడు.

"ముందు కుట్టినావే, అట్లనే కుట్టియ్యి నాకు."

"తప్పుగానా?"

"నీకు తప్పు. నాకు అదే కథ."

బుడేన్ బిత్తరపోయాడు. "రెండో సగం నంద్యాలలో శాంతయ్యప్పదమ్మా. ఆయన ఇస్తాడో లేదో."

"అడుగు." లేచి, నడుముకున్న తాళాల గుత్తి తీసి, ముందు గదిలోకి పోయి బీరువా తెరిచింది. చెదలు తిన్న పుస్తకాలు ఒక చేతి నిండా తెచ్చి బుడేన్ ముందర పెట్టింది.

"వదినా," అన్నాడు శ్రీనివాసులు, "తప్పుగా కుట్టినోనికి..."

"కుట్టు ఊడిందా? మీయన్న కర్నూల్లో కుట్టిచ్చిన పరుపు మూడో నెలకే ఊడె. ఆ దూది మిషనాయనకే మళ్ళీ ఇస్తిరి." ఇంకో చేతి నిండా తెచ్చింది. "ఎవురూ నవ్వకముందే నిజం చెప్పింటే ఇంకా బాగుండు. ఐనా నవ్వుతాంటే చెప్పినాడు. మీరెవురూ అదీ చెయ్యలే."

శ్రీనివాసులు నోట్లో ఏదో గొణిగాడు. లేచి వెళ్ళి, తక్కిన పుస్తకాలు మూట కట్టడానికి పాత పంచె తెచ్చాడు.

బుడేన్ ఆ మూటతో సూటిగా మా అరుగు మీదికే వచ్చాడు. నెత్తిన మూట దించకుండానే అడిగాడు: "శాంతయ్యప్పా, మీ కథ రెండో సగం ఇస్తారా? దానికి బదులు గోదారి సీమంతం మీకొస్తాది, ముందట్లనే."

నేను మొదట్లో ఒక గొప్ప చెప్పుకున్నాను గదా, వాసన సంగతి. ఇప్పుడు చెప్పేస్తా. నవల ఏదైనా సరే నేను మొదటి పది పేజీలు చదువుతాను, ఆఖరి పది చదువుతాను. నడుమ ఉండేది నాకు నిద్రమందు. అందుకే ముఖాలు మారినా, పేర్లు మారినా, సముద్రం గోదారి అయినా నా ముక్కు ఒక్కసారీ అదరలేదు. సరిచేసి కుట్టి తెచ్చిన నా పుస్తకం ఆఖరు పేజీలు చూశాను. విమల అదే రంగూన్‌లో, అదే వానలో కిటికీ పట్టుకుని నిలబడి ఉంది. వజ్రం ఏమైందో ఎవరూ చెప్పలేదు. దానికన్నా సీమంతమే మేలు.

"తీసుకపో నాయనా," అన్నాను. "వజ్రం అమ్మి గాజులు తొడిగిచ్చినారని నేనే అనుకుంటాలే."

ఆ తప్పు పుస్తకాన్ని బుడేన్ రెండోసారి కుట్టాడు, ఈసారి కావాలని. కావాలని తప్పు కుట్టడం ఎంత కష్టమో వాడు చెబితే నాకు నవ్వొచ్చింది. చెయ్యి దానంతట అది సరైన సగం వైపు పోయేదట. ఆఖరుకు బీజాన్‌నే సగాలు కలపమన్నాడు. ఆమె బొమ్మలు చూసి, "అదే పిల్ల, అదే పిల్ల" అంటూ చకచకా జత చేసి ఇచ్చింది.

పుస్తకం వీపు మీద, కింద అంగుళం మేర, ఒక తెల్ల చీటీ అతికించి సొంతదారు పేరు రాసివ్వడం వాడి అలవాటు. ఆళ్ళగడ్డ నడవలో కూర్చుని చీటీ అతికించి, సిరాబుడ్డి మూత తీసి, "ఏం పేరు రాయాల్నమ్మా?" అని అడిగాడు.

ఆదిలక్ష్మమ్మ కుండ మీద మూత పెట్టి, వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.

"కృష్ణమ్మ అని రాయి," అంది.

"ఎవురు వదినా ఆ కృష్ణమ్మ?" అన్నాడు శ్రీనివాసులు ఉయ్యాలబల్ల మీద నుంచి.

ఆమె సిరాబుడ్డిని బుడేన్ వైపు జరిపింది. బుడేన్ రాశాడు.

ఇక్కడ ఆపేస్తే నాకు మర్యాదగా ఉండేది. ఓడ నిజం, ఒకే ముఖం నిజం, మాస్టరు గోరుతో గీకింది నిజం. కళ్ళజోడు కుందేట్లో పడిందన్నది కూడా నిజానికి దగ్గరదే, పడింది బావిలో. ఒక్కటి మాత్రం నేను కల్పించాను. ఆ పేరు. బుడేన్ అడిగినప్పుడు ఆమె నోరు తెరిచిందట. శ్రీనివాసులు వైపు చూసి, మళ్ళీ మూసుకుందట. ఆఖరుకు "తెల్లగానే ఉండనీ" అందట. వాడు సిరాబుడ్డి మూత పెట్టేసుకుని వచ్చాడు. ఆమెను సంజామలలో ఏమని పిలిచేవాళ్ళో వాడికి తెలియదు, నాకు తెలియదు. ఆ ఇంట్లో ఎవరికైనా గుర్తుందో లేదో అదీ తెలియదు. ఖాళీగా వదలడానికి మనసొప్పక నేనే కృష్ణమ్మ అని పెట్టాను. అసలు పేరు ఎవరికైనా తెలిస్తే చెప్పండి. బుడేన్‌ను అడిగి ఒక తెల్లకాగితం ముక్క తెచ్చి, ఈ పేరు మీద గీత కనబడకుండా అతికిస్తాను.